నలభై మూడు ఇళ్లకు ఒకే నంబరు

రెండువేల ఇరవై నాలుగు ఎన్నికల ఎండాకాలంలో మా అమ్మాయి ఎలిజబెత్‌ను స్కూటర్ మీద ఊళ్లు తిప్పింది నేనే. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు, అక్కణ్నుంచి కలమల్ల, ఒక్కోసారి పులివెందుల దాకా. రిటైరైన మనిషివి, ఈ ఎండలో నీకెందుకయ్యా అని చర్చిలో అడిగినవాళ్లకు ‘ఆడపిల్ల, ఎలక్షన్ రోజులు’ అని చెప్పేవాణ్ని. అది సగమే నిజం. ఆ పిల్ల చేసే పని నాకు నచ్చలేదు. దగ్గరుండి చూసి, ఇదిగో ఇందుకే వద్దన్నాను అని ఒక రోజు చెప్పాలని నా కోరిక.

నేను ముప్పై నాలుగేళ్లు లెక్కల అయ్యవారిని. ఎలిజబెత్ కూడా లెక్కల్లో ఎమ్మెస్సీ చేసింది, బీఎడ్ చేసింది, టీచరు పోస్టుల కోసం రెండేళ్లు కాచుకుంది. కాచుకుని కాచుకుని విసుగు పుట్టి, ప్రొద్దుటూరులో ఒక ఆన్‌లైన్ చదువుల కంపెనీలో చేరింది. ఫోన్లో పాఠాలు చెప్పే కంపెనీ అది. చెప్పేవాళ్లు బెంగళూరులో ఉంటారు. ఆ పాఠాలు ఎవరికి కావాలో ఇల్లిల్లూ వెతకడం మా అమ్మాయి పని. అట్లా దొరికిన ఇంటిని ‘లీడ్’ అంటారట. ఆ ఇంటి పిల్లలు చేరితే ‘కన్వర్షన్’ అంటారట. ఆ మాట విని నేను నవ్వాను.

“మన తాతలు మిషన్ దొరల కాడ కన్వర్షనయి నూటయాభై ఏండ్లాయ. ఇంగ మిగిలినోళ్లను నువ్వు చేస్తావా ఏంది” అన్నాను.

“పనికి పొయ్యే పిల్లతో ఎకసెక్కాలేంది నీకు” అని మా ఆవిడ రత్నమ్మ గదమాయించింది. ఎలిజబెత్ మాత్రం నవ్వి హెల్మెట్ తగిలించుకుంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. అమ్మేవాళ్లంతా ఆ బాపతే అనుకున్నాను. మొదటి వారంలోనే నా లెక్క తప్పింది. ప్రొద్దుటూరులో గులాబ్‌బీ అని బడి యూనిఫాంలు కుట్టే ఆమె ఉంది. ఏ పిల్లవాడు ఏ బడి మాని ఏ బడిలో చేరబోతున్నాడో హెడ్మాస్టర్ల కంటే ముందు ఆమెకు తెలుస్తుంది. ఎలిజబెత్ పోయి ఆమె పక్కన కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతూ కబుర్లు చెప్పేది. ఎవరు దూరమని బడి మారుతున్నారు, ఎవరు చదువు అందక మారుతున్నారు అన్న తేడా ఆ గుండీల దగ్గరే పట్టేసేది. చదువు అందని పిల్లల ఇళ్లకు మాత్రమే పోయేది.

కలమల్లలో అయితే కరెంటు ప్లాంటు కార్మికుల షిఫ్టులన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంది. తెల్లవార్లూ పని చేసి పడుకున్న మనిషికి బెంగళూరు వాళ్లు పొద్దున పదికి ఫోన్ చేసి చదువుల గొప్ప చెప్తే తిట్లు తప్ప ఏమొస్తాయి. మా పిల్ల సాయంత్రం ఐదుకు, ఆ మనిషి లేచి టీ తాగి కూర్చున్న వేళకు పోయేది. పోయినా ఫోన్ బయటికి తీసేది కాదు. “నీ నోటుపుస్తకం తేపో నాయనా” అని పిల్లవాణ్ని అడిగేది. పేజీలు తిప్పుకుంటూ పోయి, లెక్క ఎక్కడ ఆగిపోయిందో అక్కడ వేలు పెట్టేది. ముప్పై నాలుగేళ్లలో నేను అట్లా ఎంతమంది పుస్తకాలు చూశానని నన్ను నేను అడుక్కున్నాను. పెద్ద సంఖ్య రాలేదు.

లింగాలలో ఒక అరటి రైతు ఇంట్లో పుస్తకమంతా చూసి, “మీ వాడికి ఏమీ అవసరం ల్యా మామా. బాగా చదువుతాండాడు, వాని మానాన వాణ్ని వదిలేయండి” అని లేచి వచ్చేసింది. నాకు దారిలో ఒళ్లు మండింది.

“అమ్మేదానికి పోయి వద్దని చెప్పొచ్చేదాన్ని నిన్నే చూసినా” అన్నాను.

మూడో రోజు ఆ రైతే ఫోన్ చేసి, నీ మాట నమ్మొచ్చు పాపా అని నాలుగు ఇళ్లు చెప్పాడు. ఆ నాలుగిళ్లూ చేరాయి. నా బిడ్డ అని ఛాతీ పొంగింది నాకు. ఆ మాట పైకి మాత్రం అనలేదు. అని ఉంటే తర్వాత కథ ఇంకోలా ఉండేదేమో.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక ఊరికి పోయాం. గుట్టకిందపల్లె అందాం. అసలు పేరు రాస్తే మమ్మల్నెందుకు రాశావని ఒక వర్గం, మమ్మల్నెందుకు రాయలేదని ఇంకో వర్గం వస్తారు. బాంబుల రోజులు పోయినా ఆ ఊళ్లో వర్గాలు పోలేదు. చెరొక పార్టీ కండువా వేసుకుని చెరొక వీధిలో కాపురం ఉన్నాయి. పడమటి వీధి సుబ్బరత్నమ్మది. తొంభై ఆరులో ఆమె మొగుణ్ని అవతలి వాళ్లు నరికేశారు. అప్పటి నుంచి ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ వీధిని ఆమే నడుపుతోంది. పెళ్లికి ముహూర్తమైనా, పొలం గట్టు తగాదా అయినా, ఓటు ఎవరికన్నదైనా ఆమె అరుగు మీదే తేలాలి.

ఎలిజబెత్‌ను పాల కేంద్రం దగ్గర దింపి, స్కూటర్ పంక్చరైతే నేను రోడ్డు మీదికి పోయాను. పాలు పోసే వేళ, క్యాన్లతో ఆడవాళ్లంతా వరసలో ఉంటారని ఆ పిల్ల లెక్క. నేను తిరిగొచ్చేసరికి పిల్లల వివరాలు రాసుకున్న ఫారాల కట్టను సంచిలో పెట్టుకుంటోంది.

“నలభై మూడు ఇండ్లు నాయనా” అంది.

ఒక్క సాయంత్రం నలభై మూడా అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

ఏప్రిల్ నెలాఖరులో నాకు వడదెబ్బ తగిలి ఇంట్లో పడ్డాను. ఎలిజబెత్ బస్సులో పులివెందుల వైపు పోయింది. పగలు పదకొండుకు ప్రొద్దుటూరు ఆఫీసు నుంచి కమాల్ బాషా ఫోన్ చేశాడు. మా అమ్మాయి మీద అధికారి అతను. నెమ్మదస్తుడు.

“సార్, ఎలిజబెత్‌కు ఫోన్ తగల్లేదు, అందుకని మీకు చేసినా. గుట్టకిందపల్లె ఫారాలు నలభై మూడింట్లో ఒకటే ఫోన్ నంబరు ఉండాది సార్. పెద్దాఫీసు వాళ్లు దొంగ ఫారాలని అంటాండారు. యాడో ఒక చోట కూర్చొని రాసుకుందని, పని తీసేస్తామని గ్రూపులో పెట్టినారు. రెండొందల మంది చూసినారు సార్.”

నేను పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ని. నలభై మూడు పేపర్లలో ఒకే జవాబు ఉంటే మా వృత్తిలో దానికి ఒకటే అర్థం. అట్లాంటి పిల్లల తండ్రులు నా దగ్గరికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డం ఎన్నిసార్లు చూశానో. ఇప్పుడు నా వంతు వచ్చిందనుకున్నాను. ఆలోచన చేయలేదు. బిడ్డను కాపాడుకుంటున్నాననే అనుకున్నాను.

“పిల్ల టార్గెట్ కోసమని తెలీక చేసింటాది బాషా. ఈ ఒక్కసారికి నా మొగం చూసి వదిలేయమని చెప్పు” అన్నాను.

సాయంత్రం ఎలిజబెత్ ఇంటికొచ్చింది. దారిలోనే గ్రూపు చూసుకున్నట్టుంది, ముఖం పీక్కుపోయి ఉంది. నేను ఆనందంగానే చెప్పాను.

“నేను సర్దిచెప్పినాలే, భయపడాకు.”

“ఏమని చెప్పినావు?”

చెప్పాను. రత్నమ్మ అప్పుడే గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఎలిజబెత్ ఆ నీళ్లు తాగలేదు. కుర్చీలో కూర్చుని, కోపం లేకుండా, చిన్నపిల్లలకు చెప్పినట్టు చెప్పింది.

“ఊరంతా నాకు ఒకే నంబరు చెప్పింది నాయనా. సుబ్బరత్నమ్మ నంబరు. గ్యాసుకైనా, పింఛనుకైనా వాళ్లు అదే రాయిస్తారంట. ఎవురి నంబరు వాళ్లు బయటోళ్లకు ఇయ్యరంట. వాళ్లు చెప్పిందే రాసినా. నేనుగా నలభై మూడు రకాలు రాసింటే అప్పుడైతాది దొంగ ఫారం.” గ్లాసు పక్కకు జరిపింది. “ఈ ఊర్ల సంగతి బెంగళూరోళ్లకు తెలీదు. నీకు తెలుసు గదా.”

నాకు తెలుసు. పాత కేసుల రోజుల్లో ఎవరు ఎవరికి ఫోన్ చేశారని పోలీసులు లాగినప్పటి నుంచి ఆ వీధుల్లో సొంత నంబరు చెప్పడం మానేశారని నాకు బాగా తెలుసు. మా బళ్లో అడ్మిషన్ రిజిస్టర్లో కూడా అట్లాగే రాయించేవాళ్లు. అంత తెలిసీ నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది కాపీ కొట్టిన పేపర్లే. సిగ్గుతో చచ్చిపోయాను. తప్పయిందమ్మా అనాలి. మాస్టరు నోట్లోంచి ఆ మాట అంత తేలిగ్గా రాదు.

గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే అది. కమాల్ బాషా మంచికే పోయి, ‘తండ్రి ఒప్పుకున్నాడు, కనికరించండి’ అని పెద్దాఫీసుకు రాశాడు. దాంతో వాళ్లకు సాక్ష్యం దొరికినట్టయింది. పోలింగ్ తేదీ లోపల ఆ తల్లిదండ్రులు ఎవరి ఫోన్లో వాళ్లు మాట్లాడి మేము ఉన్నామని చెప్పాలి. లేకపోతే మోసం చేసిందని రాసి పంపేస్తారు. ఆ కాగితం చేతికొస్తే ఇంక ఏ కంపెనీ గడపా తొక్కనీయదు. బడి ఉద్యోగానికి పోయినా అడుగుతారు.

ఆ మర్నాటి నుంచి ఎలిజబెత్ నా స్కూటర్ ఎక్కలేదు. అలిగిందా అంటే అలగలేదు. అన్నం పెట్టేది, మందు బిళ్ల ఇచ్చేది. టైముకు పోయి బస్సెక్కేది. ఇంట్లో ముగ్గురమూ గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం. రత్నమ్మ ఒక మాట మాత్రం అంది.

“పరాయోళ్ల బిడ్డయింటే ముందు దాన్ని అడిగేవాడివి.”

పోలింగ్ ఇంకా ఐదు రోజులుందనగా పొద్దున్నే మా ఇంటి ముందు జీపు ఆగింది. దిగినవాడు మునెయ్య. సుబ్బరత్నమ్మకు కుడిభుజం. వాళ్లది గొర్రెల కుటుంబం. చిన్నప్పుడు ఏడో తరగతి లెక్కల్లో నా దగ్గర రెండుసార్లు తప్పాడు. అందుకో ఏమో చెప్పులు బయట విడిచి వచ్చాడు. ముఖం మాత్రం గట్టిగా ఉంది.

“సార్, మీ పాప రాసుకోని పోయినప్పటి నుంచి మా అక్కకు ఫోన్లు. నిన్నొక్కదినం నలభై దాటినాయి. మీ పిల్లోడు ఏ తరగతి, ఏ బడి, ఇంటికాడ ఎప్పుడుంటాడు అని. ఎలక్షన్ ముందర పిల్లోడు ఎప్పుడుంటాడని అడిగేది ఎవురు సార్? ఎవురు అడిగిస్తాండారు?”

బెంగళూరులో ఫారాలు సరిచూసేవాళ్లు ఒక్కో పిల్లవాడి పేరు మీద ఒక్కోసారి చేస్తున్నారన్నమాట. నలభై మూడు పేర్లకూ ఆ ఒక్క ఫోనే మోగుతోంది. రత్నమ్మ ముఖం తెల్లబోయింది. ఎలిజబెత్ వంటింట్లోంచి చేయి తుడుచుకుంటూ వచ్చింది.

“ఆ ఫోన్లు నా వల్ల వచ్చినాయి అన్నా. అక్కకు నేనే చెప్తా. వస్తాండా, పదండి.”

“నువ్వేడికీ పోవద్దు” అంది రత్నమ్మ.

“పోకుంటే నేను దొంగనే అయితానమ్మా.”

నేను స్కూటర్ బయటికి తీశాను. మునెయ్య జీపులో ఎక్కడం ఇష్టం లేక కావచ్చు, ఎలిజబెత్ వచ్చి నా వెనక కూర్చుంది. పది రోజుల తర్వాత అదే కూర్చోవడం.

సుబ్బరత్నమ్మ ఇంటి ముందు ఊరంత సందడి. ప్రచారానికి వచ్చినవాళ్లకు భోజనాలు ఆమె ఇంట్లోనే. పెరట్లో పొయ్యిల మీద డేగిసాలు ఉడుకుతున్నాయి. వీధి ఆడవాళ్లంతా వసారాలో కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఆమె అరుగు మీద గోడకు ఆనుకుని ఉంది. సన్నటి మనిషి. పక్కన ఫోన్. నన్ను చూసి లేవబోయింది.

“కూచో సారూ. నీ బిడ్డేనా?”

“నా బిడ్డే.”

ఎలిజబెత్ నిలబడే మాట్లాడింది. ఫారాలు ఎట్లా రాసిందీ, ఫోన్లు ఎందుకు వస్తున్నాయీ ఉన్నదున్నట్టు చెప్పింది. “ఒకటే నంబరని తెలిసి గూడా పంపినానక్కా. ఈ ఇంటికి అట్లాంటి ఫోన్ వస్తే ఎట్లుంటాదో నేను అనుకోలే. అది నా తప్పు” అంది.

సుబ్బరత్నమ్మ పక్కనున్న ఫోన్ వైపు చూసింది.

“మా ఆయన్ను చంపే ముందర నెలలో, బడికాడ నా కొడుకును అడిగినారంట. మీ నాయన నిన్ను పిల్చకపోను ఎన్ని గంటలకొస్తాడు అని. వాడు చెప్పినాడు, పసోడు. నిన్న ఆ ఫోన్ ఎత్తినప్పుడు నా చేతులు వణికినాయి పాపా. శానా ఏండ్ల తర్వాత.”

వసారాలో కత్తుల చప్పుడు ఆగిపోయింది. ఎలిజబెత్ తల దించుకుంది.

“క్షమించక్కా.”

“సరే పో. ఇంగ చేయొద్దని చెప్పు.”

నేనైతే బతికిపోయానని దండం పెట్టి బయటపడేవాణ్ని. లేవబోయాను కూడా. ఆ పిల్ల కదల్లేదు.

“ఇంగో మాట ఉందక్కా. వీళ్ల నంబర్లు నాకు కావాల. ఎవురిది వాళ్లది.”

మునెయ్య ముందుకొచ్చాడు. సుబ్బరత్నమ్మ చేత్తోనే ఆపింది.

“ఐదు దినాల్లో ఓట్లు. నా వీధి నంబర్లన్నీ నీ చేతిలో పెడితే అవతలోళ్ల చేతికి పోవని ఏంది నమ్మకం?”

“నా కాణ్నుంచి పోవక్కా. కంపెనీకి చేరినాక వాళ్లు ఎవురికిస్తారో నాకు తెలీదు. తెలీనిది ఎట్ల చెప్పేది?”

అడిగినదానికి నమ్మకమే అని ఒక్క మాట అంటే పోయేదానికి, తన మెడకు తానే తాడు బిగించుకుంటోంది. సుబ్బరత్నమ్మ కూడా ఆశ్చర్యపోయింది.

“మరి ఎందుకియ్యల్ల?”

ఎలిజబెత్ ఆడవాళ్ల వైపు తిరిగింది. మునెయ్య పెళ్లాం చిన్నసుబ్బమ్మ ఉల్లిగడ్డల తట్ట ముందు ఉంది. “అక్కా, మీ సిద్దమ్మ లెక్కల పుస్తకం ఒకసారి తెప్పించు” అంది. ఎనిమిదో తరగతి పిల్ల సిద్దమ్మ పరుగెత్తి తెచ్చింది. ఎలిజబెత్ దాన్ని సుబ్బరత్నమ్మ ముందు విప్పి పెట్టింది. జనవరి దాకా ముత్యాల్లాంటి అంకెలు. ఆ తర్వాత అన్నీ ఖాళీ కాగితాలు.

“సంక్రాంతి దాటితే ఈ పిల్ల మందతో పోతాది గదా అక్కా.”

“పోకుంటే ఎట్ల? కోతలైనాక నంద్యాల దిక్కు పొలాల్లో మంద కడితేనే గొర్రెలకు మేత” అంది చిన్నసుబ్బమ్మ. “వానలు పడేదాకా ఆడనే. ఈ ఏడు ఓట్లని ముందే వచ్చినాం. ఓట్లైతానే పోతాం.”

“నాలుగేండ్ల నుంచి అంతే. ప్రతి ఏడూ అవే నెలలు. ఆ నెలల్లో చెప్పే పాఠాలే ప్రతి ఏడూ పోతాండాయి. పిల్లకు బుద్ధి లేక గాదు, ఆ పాఠం చెవిన పడక. ఈడ ఇట్లాంటి పిల్లోళ్లు పద్నాలుగు మంది ఉండారు, ఫారాలు రాసినాక ఇంగోసారి వచ్చి పుస్తకాలన్నీ చూసినా.” ఎలిజబెత్ సుబ్బరత్నమ్మ వైపు తిరిగింది. “మా పాఠం ఫోన్లో వస్తాది. గొర్రెల వెంటైనా వస్తాది. కాకపోతే ఆ ఫోను ఈ అరుగు మీద మోగితే, నంద్యాల పొలాల్లో సిద్దమ్మకు ఎట్ల వినపడాలక్కా?”

సుబ్బరత్నమ్మ ఆ ఖాళీ కాగితాలను రెండు మూడు తిప్పింది. మునెయ్య వైపు చూసింది, వాడు గుమ్మం వైపు చూశాడు. ఆమె పుస్తకం మూసి సిద్దమ్మకు ఇచ్చి, పక్కనున్న తన ఫోన్ చేతిలోకి తీసుకుని లేచింది.

“ఎసట్లో బియ్యం పడినాయో లేదో చూసొస్తా” అని లోపలికి పోయింది.

ఇరవై ఎనిమిదేళ్లలో ఆమె ఎసరు వైపు తొంగి చూసిన పాపాన పోలేదని ఆ వసారాలో అందరికీ తెలుసు. ముందుగా చిన్నసుబ్బమ్మ కొంగుకు చేయి తుడుచుకుని, నడుముకు దోపుకున్న గుడ్డసంచిలోంచి చిన్న ఫోన్ తీసింది.

“నా నంబరు నాకు రాదు పాపా. ఎవురూ అడగలేదు” అంది.

“నేను చెప్పే నంబరు కొట్టు అక్కా. ఒకసారి మోగించి పెట్టేయి, సాలు.”

ఎలిజబెత్ చేతిలో ఫోన్ మోగింది. నంబరు రాసుకుని, పక్కన చిన్నసుబ్బమ్మ అని రాసి, రాసింది గట్టిగా చదివి వినిపించింది. తర్వాత ఇంకొకామె లేచింది. తర్వాత ఇద్దరు ఒక్కసారే. ఉల్లిగడ్డలు వదిలేసి వరస కట్టారు, పాల కేంద్రం దగ్గర లాగా. కొందరి దగ్గర ఫోన్ లేకపోతే ఇంటికి పోయి తెచ్చారు. ఆ ఎండ మధ్యాహ్నం నా బిడ్డ ఫోన్ మోగిన మోతకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోవడానికి నేను స్కూటర్ తుడవడానికి పోయాను.

తిరిగొచ్చేసరికి గొడవ ఇంకోలా ఉంది. బాగా చదువుతున్నారని తొమ్మిది మంది పిల్లల పేర్లు ఎలిజబెత్ కొట్టేసిందట. “నా కొడుక్కు మాత్రం ఎందుకొద్దు, వాడేం పాపం చేసినాడు” అని ఒకామె పోట్లాడుతోంది. ఉద్యోగం ఊడే వేళ కూడా తొమ్మిది ఇళ్లు వదులుకుంటున్న ఆ మొండిదాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సుబ్బరత్నమ్మ చాలాసేపటికి బయటికి వచ్చింది.

“అయిపాయనా?”

“అయిందక్కా.”

“నా నంబరు కొట్టేయి మరి. నా మనవడు కర్నూలు హాస్టల్లో ఉండాడు. ఈ ఇంట్లో పిల్లోళ్లెవురూ లేరు.” నా వైపు తిరిగింది. “బువ్వ తినిపోండి సారూ. నీ బిడ్డ శానా గట్టిది. భయం లేక గాదు, చూసినా, చేతులు వణుకుతానే ఉండాయి. వణుకుతా నిలబడింది సూడు, అది.”

నేను వెనక కూర్చున్నాను కాబట్టి ఆ చేతులు చూడలేదు.

పోలింగ్ లోపల ఫోన్లన్నీ అయిపోయాయి. బెంగళూరు వాళ్లు అడగడం, వీళ్లు పేరు చెప్పి మాట్లాడడం. పోలింగ్ అయిన మూడో రోజు చిన్నసుబ్బమ్మ మంద వెంట పోయింది. చేలో కంది కట్టెల కుప్ప నీడలో కూర్చుని సిద్దమ్మ మొదటి పాఠం విన్నదని ఫోటో పంపింది. ఎలక్షన్ వేడి తగ్గినాక తూర్పు వీధి ఆడవాళ్లు పాల కేంద్రంలో ఎలిజబెత్‌ను నిలదీశారు, వాళ్ల పిల్లలే పిల్లలా, మా వాళ్లు కాదా అని. ఈసారి ఎవరి నంబరు వాళ్లే చెప్పారు. పక్క వీధి చేసిన పని తాము చేయకపోతే ఎట్లా.

ఆ వారంలోనే కమాల్ బాషా మా ఇంటికి వచ్చాడు. మనిషి సంతోషంగా ఉన్నాడు. ఫారాలు నిజమైనవేనని పెద్దాఫీసు వాళ్లు గ్రూపులో రాశారు. పని తీసేసే కాగితం రద్దయింది. జిల్లాలో ఎలిజబెత్ చేర్చినంతమందిని ఎవరూ చేర్చలేదని కూడా రాశారు. రత్నమ్మ ఆ ముక్క రెండుసార్లు చదివించుకుంది.

టీ తాగి లేస్తూ అతనే అన్నాడు. “ఒకటే సార్. ‘తండ్రి తప్పు ఒప్పుకున్నాడు’ అని నేను రాసింది ఆమె ఫైల్లో ఉండిపోయింది. తీయమంటే తీయరంట. పోనీలే సార్, ఎవురు చూస్తారు.”

నేను ఎలిజబెత్ వైపు చూశాను. ఆమె కప్పులు ఎత్తుతోంది.

“ఉండనీలే సార్” అంది, నా వైపు చూడకుండా.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. కమాల్ బాషా దగ్గర పెద్దాఫీసు నంబరు అడిగి తీసుకున్నాను. అతను పోయాక అక్కడే, నడింట్లోనే కూర్చుని ఫోన్ చేశాను. ఒకటి నొక్కమన్నారు, మూడు నొక్కమన్నారు, కాసేపు పాట వినిపించారు. ఎలిజబెత్ లింగాల పోవడానికి తయారై గడప మీద కూర్చుని చెప్పులు వేసుకుంటోంది. చివరికి ఒక అమ్మాయి ఎత్తింది. వచ్చీరాని తెలుగు. నేను చెప్తుంటే టైపు చేసుకుంది. నా జీవితంలో పిల్లలకు డిక్టేషన్ చాలా చెప్పాను గాని ఇంత కష్టమైనది చెప్పలేదు.

“కారణం ఏం రాయమంటారు సార్?” అని అడిగింది.

చెప్పాను.

“రాసింది ఒకసారి చదవమంటారా?”

“చదవమ్మా. గట్టిగా చదువు” అన్నాను, ఫోన్‌ను స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచాను. రత్నమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఎవరో తెలియని ఆ పిల్ల గొంతు మా ఇల్లంతా వినపడేటట్టు చదివింది.

“నా పేరు ప్రేమానందం. ఎలిజబెత్ తండ్రిని. ఆమె రాసిన ఫారాలు అన్నీ నిజమైనవి. ఆమె తప్పు చేసిందని ఏప్రిల్ నెలలో నేను చెప్పిన మాట అబద్ధం. నా కూతుర్ని అడగకుండా చెప్పాను. తప్పు నాది, ఆమెది కాదు.”

చదవడం అయిపోయేదాకా ఎలిజబెత్ వంచిన తల ఎత్తలేదు. చెప్పు పట్టీ మీదే ఉన్నాయి వేళ్లు.

“ఇంగోసారి చదవమను నాయనా” అంది.